కొండవాలు బంకమన్నుకు అడవే కావలి
డాంగ్స్ కొండల నేలలకు ఏ పేరు పెట్టాలన్న ప్రశ్న వెనుక రైతుల భవిష్యత్తు

సచిన్ (సూరత్): సూరత్ నగరానికి దక్షిణంగా ముంబయి రైలుమార్గంపై ఉన్న సచిన్‌లో పునాది తవ్వితే సాధారణంగా పైకి వచ్చేది జిగురైన నల్లమట్టి. 1948లో బొంబాయి రాష్ట్రంలో విలీనమయ్యే వరకు సిద్ది నవాబుల ఏలుబడిలో చిన్న సంస్థానంగా ఉన్న ఈ పట్టణం నేడు అద్దకం మిల్లులకు, మరమగ్గాలకు నెలవు. తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ ప్రాంతానికి తరలివచ్చి మగ్గాలను నమ్ముకున్న నేత కుటుంబాలకు ఈ మట్టి కొత్తేమీ కాదు. వారు స్వగ్రామాలలో రేగడి అని పిలుచుకునే నేలకు ఇది దగ్గరి చుట్టం.

ఈ మైదానానికి ఆగ్నేయంగా, గుజరాత్-మహారాష్ట్ర సరిహద్దులో డాంగ్స్ జిల్లా ఉంది. సహ్యాద్రి పర్వతశ్రేణి ఉత్తరపు కొసలో టేకు, వెదురు అడవులతో నిండిన ఆ కొండవాలులపైన కూడా బంకమన్ను అధికంగా గల నేలలు కనిపిస్తాయి. మైదానపు మట్టికి, కొండమీది మట్టికి పుట్టుక ఒక్కటే. వాటి భవితవ్యం మాత్రం వేరు. మైదానంలో మీటరు లోతును మించి నిలకడగా ఉండే బంకమన్ను, నిటారు వాలుపై అడవి ఉన్నంత కాలమే నిలుస్తుంది. అడవి తొలగిన తర్వాత ఆ నేల క్షీణించడమే కాక, శాస్త్రీయ వర్గీకరణలో తన పేరును సైతం కోల్పోయే అవకాశం ఉంది. ఆ పేరు ఏమిటన్న ప్రశ్నకు సమాధానాన్ని బట్టే అక్కడ దుక్కి దున్నవచ్చునా, రోడ్డు వేయవచ్చునా, ఇల్లు కట్టవచ్చునా అన్నది తేలవలసి ఉంటుంది.

ఒకే రాయి, రెండు రంగులు

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ల నుంచి ఉబికివచ్చిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టి దక్కన్ పీఠభూమి ఏర్పడింది. దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ నల్లరాతి పేరు బసాల్ట్. డాంగ్స్ కొండలు ఈ రాతివే. తాపీ, మిందోలా, పూర్ణా, అంబికా నదులు యుగాల తరబడి ఈ రాతి పొడిని, మట్టిని మోసుకువచ్చి పశ్చిమాన పరచినందువల్లనే సచిన్ పరిసరాల మైదానం రూపొందింది.

బసాల్ట్ శిథిలమైనప్పుడు స్మెక్టైట్ అనే బంక ఖనిజం విరివిగా ఏర్పడుతుంది. పలుచని రేకుల దొంతర వంటి ఈ ఖనిజం రేకుల నడుమకు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుపోతుంది. ఒక గ్రాము స్మెక్టైట్ రేకులన్నిటినీ పరిస్తే వాటి వైశాల్యం కొన్ని వందల చదరపు మీటర్లు ఉంటుంది. వేసవిలో నల్లరేగడి నెర్రెలు విచ్చడానికి, ఆ నేలపై కట్టిన ఇళ్ల గోడలు బీటలు వారడానికి ఇదే కారణం. ఇటువంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ అడుగున గుబ్బ వలె వెడల్పయ్యే పునాది స్తంభాలను రూపొందించింది.

కొండపై పరిస్థితి భిన్నం. అక్కడ వాన ఎక్కువ, నీరు నిలవక జారిపోతుంది. కరిగిన లవణాలు కొట్టుకుపోగా స్మెక్టైట్ క్రమంగా కెయొలిన్ వర్గపు ఖనిజంగా మారుతుంది. ఇనుము ఆక్సైడ్లు మిగిలి మట్టికి ఎరుపు రంగు వస్తుంది. అందువల్ల ఒకే రాతి నుంచి పుట్టినప్పటికీ వాలుపై ఎర్రని లేదా గోధుమవన్నె నేల, దిగువ పల్లంలో నల్లనేల పక్కపక్కనే కనిపించడం పశ్చిమ కనుమలలో సాధారణం. తూర్పు ఆఫ్రికాలో కొండ నుంచి లోయ వరకు ఇటువంటి వరుసను గమనించిన జెఫ్రీ మిల్న్ అనే శాస్త్రవేత్త 1935లో దానికి 'గొలుసు' అనే అర్థం వచ్చే 'కెటీనా' అన్న పేరు పెట్టాడు. డాంగ్స్ వంటి ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి నేటికీ ఆ భావనే ఆధారం.

రేగడి నుంచి రెగర్ వరకు

నేలలకు పేర్లు పెట్టడం శాస్త్రవేత్తలతో మొదలు కాలేదు. తెలంగాణ రైతు చల్క, దుబ్బ, రేగడి అని, కోస్తా రైతు ఇసుకనేల, గరప, ఒండ్రు అని తన పొలాన్ని తరతరాలుగా విడదీసి చెప్పుకుంటూనే ఉన్నాడు. ప్రపంచ నేలల శాస్త్రంలో చాలాకాలం వాడుకలో ఉన్న 'రెగర్' అనే మాటకు మూలం తెలుగు 'రేగడి' అన్నది గమనార్హం.

బ్రిటిష్ ప్రభుత్వం 1892లో వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తగా నియమించిన జె.డబ్ల్యు. లెదర్ 1898లో భారతదేశపు నేలలను ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర, లాటరైట్ నేలలు అని 4 తరగతులుగా విభజించారు. లాటరైట్ అన్న మాటను అంతకుముందే 1807లో మలబారులోని అంగాడిపురం వద్ద చూసిన రాతిమట్టికి ఫ్రాన్సిస్ బుకానన్ వాడారు. పాఠ్యపుస్తకాలలో నేటికీ కనిపించే ఈ 4 తరగతులు రంగు, పుట్టుకలను తెలియజేస్తాయి. అయితే నేల ఎంత లోతు ఉంది, ఎంత వాలుపై ఉంది, అందులో బంకమన్ను పాలెంత అన్న సంగతులను ఇవి తెలియజేయవు. కొండప్రాంతంలో ప్రాణావసరమైనవి సరిగ్గా ఈ 3 సంగతులే.

ఈ లోటును తీర్చేందుకు అమెరికా వ్యవసాయ శాఖ గై స్మిత్ నాయకత్వంలో రూపొందించిన 'సాయిల్ టాక్సానమీ' అనే విధానం 1975లో వెలువడింది. నేల ఏ విధంగా పుట్టిందన్న ఊహలను కాక, గుంతలో కొలిచి చూడగల లక్షణాలను ఇది ప్రాతిపదికగా తీసుకుంటుంది. మన దేశంలో 1976లో నాగపూర్ కేంద్రంగా ఏర్పడిన జాతీయ నేలల సర్వే, భూవినియోగ ప్రణాళిక సంస్థ ఈ విధానాన్నే అనుసరిస్తోంది. ప్రస్తుతం ఇందులో 12 శ్రేణులు ఉన్నాయి.

గుంతలో కనిపించేది

వర్గీకరణకు ముందు వర్ణన అవసరం. సర్వే బృందం వాలుపై తగిన చోటు ఎంచుకొని రాయి తగిలే వరకు, లేదా సుమారు మీటరున్నర లోతు వరకు గుంత తవ్వుతుంది. నిటారుగా చెక్కిన గోడపై పొరలు బయటపడతాయి. ఆకులు కుళ్లి కలిసిన ముదురు పైపొర, బంకమన్ను పేరుకున్న మధ్యపొర, చితికిన రాయి గల అడుగుపొర అనేవి స్థూల విభజన.

ప్రతి పొర రంగును మన్సెల్ రంగుల పుస్తకంలోని చీటీలతో సరిపోల్చి సంకేతంగా రాస్తారు. '10 వైఆర్ 3/2' అంటే బూడిద ఛాయ గల ముదురు గోధుమరంగు అని ప్రపంచంలో ఏ సర్వేదారుకైనా అర్థమవుతుంది. తర్వాత తడిపిన మట్టిని బొటనవేలికి, చూపుడువేలికి నడుమ నొక్కి రిబ్బనులా సాగదీస్తారు. 5 సెంటీమీటర్లకు మించి తెగకుండా సాగితే బంకమన్ను పాలు అధికమని లెక్క. ప్రయోగశాల భాషలో 0.002 మిల్లీమీటరు కంటే చిన్న రేణువులు బంకమన్ను. అవి 40 శాతం లేదా అంతకు మించి ఉన్న మట్టి సాధారణంగా బంకనేల అనిపించుకుంటుంది.

మట్టిగడ్డల ఆకారం, వేళ్లు ఎంత లోతుకు వెళ్లాయి, రాళ్లు ఎంత శాతం, సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే సున్నం ఉన్నట్లుగా నురుగు వస్తుందా అన్నవి కూడా నమోదవుతాయి. మెరుగుపెట్టినట్లు నునుపుగా ఉండే ఏటవాలు తలాలు కనిపిస్తే, ఆ నేల ఉబ్బి ముడుచుకుంటూ తనలో తానే రాసుకుంటోందని అర్థం. నిజమైన నల్లరేగడికి ముఖ్యమైన గుర్తులలో ఇది ఒకటి. అన్నిటికంటే ముందు నమోదు చేసేది వాలు. 100 మీటర్ల దూరానికి 33 మీటర్లు ఎక్కితే అది 33 శాతం వాలు, అంటే సుమారు 18 డిగ్రీలు. ఎద్దులు నాగలి లాగడానికి ఇది కష్టమైన వాలు. వాన నీటికి మాత్రం సులువైన దారి.

పేరులో ఇమిడిన వివరం

ఈ వివరాలన్నిటి సారమే నేల పేరు. ఉదాహరణకు 'ఫైన్, స్మెక్టిటిక్, ఐసోహైపర్‌థెర్మిక్ వెర్టిక్ హాప్లుస్టెప్ట్' అన్న పేరు వినడానికి మంత్రంలా ఉన్నప్పటికీ విడదీస్తే ప్రతి ముక్కకూ అర్థముంది. చివరి 'ఎప్ట్' ఇంకా తొలి దశలో ఉన్న ఇన్‌సెప్టిసాల్ శ్రేణిని సూచిస్తుంది. 'ఉస్ట్' అంటే ఏడాదిలో కొంతకాలం ఎండిపోయే నేల. 'హాప్ల' అంటే విశేషాలు లేని సాదా రకం. 'వెర్టిక్' నెర్రెలు విచ్చే స్వభావాన్ని, 'ఫైన్' 35 నుంచి 60 శాతం వరకు బంకమన్నును, 'స్మెక్టిటిక్' ఆ బంక ఖనిజాన్ని తెలుపుతాయి. మిగిలిన మాట, ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటూ రుతువుల మధ్య పెద్ద తేడా లేని నేల అని చెబుతుంది.

అదే వాలుపై అడవి కొట్టివేసి కొన్నేళ్లు దున్నిన తర్వాత గుంత తవ్వితే 'లిథిక్ ఉస్టార్థెంట్' అన్న పేరు రావచ్చు. 'ఎంట్' అంటే పొరలు ఏర్పడని ఎంటిసాల్ శ్రేణి. 'లిథిక్' అంటే 50 సెంటీమీటర్ల లోపే గట్టిరాయి తగులుతుందని అర్థం. మధ్యపొర కొట్టుకుపోవడంతో నేల శ్రేణి మారిపోయిందన్నమాట. రెండు పేర్ల నడుమ తేడా కాగితంపై కొన్ని అక్షరాలే. కొండపై మాత్రం అది వేలాది సంవత్సరాలుగా పోగుపడిన మట్టి.

జియోలైట్ చేసిన మేలు

పేర్ల విషయంలో తొందరపాటు తగదని నాగపూర్ సంస్థ శాస్త్రవేత్తలు నిరూపించారు. అధిక వర్షపాతం గల ఉష్ణమండలంలో పోషకాలు కొట్టుకుపోయి ఆమ్లనేలలే మిగులుతాయన్నది సాధారణ సూత్రం. అయితే సాత్పురా, పశ్చిమ కనుమల అడవులలో బసాల్ట్ వాలులపై ముదురు రంగు పైపొరతో, సమృద్ధిగా కాల్షియంతో కూడిన మొలిసాల్ శ్రేణి నేలలు ఉన్నట్లు వారు గుర్తించారు. సాధారణంగా ఈ శ్రేణి సమశీతోష్ణ పచ్చికబయళ్లకు పేరుపొందినది. టి. భట్టాచార్య, డి.కె. పాల్ తదితరులు 2006లో 'జియోడెర్మా' పత్రికలో ఇందుకు కారణాన్ని వివరించారు. బసాల్ట్ రాతి రంధ్రాలలో ఉండే జియోలైట్ అనే ఖనిజాలు నిదానంగా కాల్షియాన్ని విడుదల చేస్తూ, కొట్టుకుపోయిన దానిని భర్తీ చేస్తున్నాయని వారి సారాంశం.

ఈ పరిశోధనకు ఆచరణలో ప్రాధాన్యం ఉంది. మొలిసాల్ అనిపించుకోవాలంటే పైన ముదురు రంగు పొర సాధారణంగా 18 లేదా 25 సెంటీమీటర్ల మందం ఉండాలి. అందులో సేంద్రియ కర్బనం కనీసం 0.6 శాతం ఉండాలి. రాలిన ఆకు ఏటేటా కుళ్లి కలిస్తేనే అది నిలుస్తుంది. వాలుపై చెట్టు పోతే మొట్టమొదట పోయేది ఈ జానెడు పొరే. రాతిలో జియోలైట్ ఎంత ఉన్నా పైపొర లేనిదే ఆ పేరు దక్కదు, ఆ సారమూ దక్కదు. బసాల్ట్ కొండలన్నిటినీ 'పలుచని ఎర్రనేలలు' అని ఒకే గాటన కట్టివేస్తే ఇటువంటి సారవంతమైన తునకలు లెక్కకు రాకముందే అంతరించే ప్రమాదముంది.

అడవి పోతే జరిగేది

బంకమన్ను నీటిని సులువుగా ఇంకనివ్వదు. అయినప్పటికీ అడవిలోని బంకనేల పెద్దవానను తాగగలుగుతుంది. వేళ్లు, చెదలు, వానపాములు చేసిన రంధ్రాల గుండా నీరు లోపలికి దిగుతుంది. ఆకుల పరుపు చినుకు తాకిడిని ఆపుతుంది. హ్యూమస్ మట్టి రేణువులను గుళికలుగా కట్టి ఉంచుతుంది. ఈ కవచం తొలగగానే చినుకు దెబ్బకు గుళికలు విడిపోతాయి, సన్నని రేణువులు రంధ్రాలను పూడ్చివేస్తాయి. ఇంకవలసిన నీరు వాలు వెంట పరుగెత్తి మొదట పిల్లకాలువలుగా, ఆపై గండ్లుగా నేలను కోస్తుంది.

దేశం మొత్తం మీద ఏటా 533.4 కోట్ల టన్నుల మట్టి, అంటే హెక్టారుకు సగటున 16.35 టన్నులు స్థానభ్రంశం చెందుతోందని ధ్రువనారాయణ, రాంబాబు 1983లో అంచనా వేశారు. అందులో 29 శాతం సముద్రం పాలవుతోందని, 10 శాతం జలాశయాలలో పేరుకుంటోందని వారు లెక్కగట్టారు. తాపీపై 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయానికి ఎగువ కొండల మట్టి చేరడం సూరత్‌కు దూరపు సంగతి కాదు. 2006 ఆగస్టులో నగరాన్ని ముంచెత్తిన వరదను చవిచూసిన వారికి జలాశయంలోని ప్రతి అడుగు నిల్వ విలువ తెలుసు.

రెండవ ప్రమాదం ఆకస్మికమైనది. పైన బంకమన్ను, కింద రాయి ఉన్నచోట నీరు ఆ రెంటి సరిహద్దున చేరి ఒత్తిడి పెంచుతుంది. చెట్ల వేళ్లు రాతి పగుళ్లలోకి దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. చెట్టు నరికినా వేళ్లు వెంటనే కుళ్లవు గనుక కొన్నేళ్లు ప్రమాదం బయటపడదు. ఆ తర్వాత ఒక భారీ వర్షానికి వాలు మొత్తంగా జారవచ్చు. 2014 జూలై 30న పుణె జిల్లా మాళిన్ గ్రామంపై కొండచరియ విరిగిపడి 151 మంది మరణించారు. డాంగ్స్ వలె అది కూడా సహ్యాద్రి బసాల్ట్ సీమ. సరిగ్గా పదేళ్లకు, 2024 జూలై 30న, శిలాజాతి వేరైన కేరళలోని వయనాడ్ జిల్లాలో జరిగిన దుర్ఘటనలో 200కు పైగా ప్రాణాలు పోయాయి. రెండుచోట్లా ఎడతెగని వాన, నిటారు వాలు, శిథిలమైన మట్టి కలిసివచ్చాయి.

మన కొండలలోనూ

ఈ సమస్య గుజరాత్‌కే పరిమితం కాదు. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతంలోని సత్మల కొండలను దక్కన్ బసాల్ట్ కప్పి ఉంది. అక్కడి టేకు అడవుల కింద నల్లని బంకనేలలు డాంగ్స్ నేలలకు సమీప బంధువులు. ఆంధ్రప్రదేశ్‌లోని పాడేరు, అరకు కొండల సంగతి వేరు. అక్కడి రాయి ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదుగానే ఆ రాతికి ఆ పేరు వచ్చింది. దాని నుంచి పుట్టిన ఎర్రని బంకనేలలో స్మెక్టైట్ కంటే కెయొలిన్ ఎక్కువ గనుక నెర్రెలు విచ్చదు. అయితే వాలుపై పోడు కొట్టినచోట కోత తప్పదు. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంపై వానాకాలంలో కొండచరియలు పడటం విశాఖ ఏజెన్సీ ప్రజలకు పరిచితమే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ చెట్ల నీడన పెరిగే పంట. అడవి నేలను దున్నకుండానే ఆదాయం ఇచ్చే మార్గం ఒకటుందని చెప్పడానికి అది ఉదాహరణ.

పట్టాలో లేని లోతు

డాంగ్స్ టేకు కోసం బ్రిటిష్ వారు 1842లోనే భిల్లు నాయకుల నుంచి అడవులను కౌలుకు తీసుకున్నారు. ఆ తర్వాత తరాల తరబడి అడవి ఎవరిదన్న వివాదమే ముందు నిలిచింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై గిరిజన కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు కల్పించింది. భిల్లు, కోక్ణా, వార్లీ కుటుంబాలకు ఇది న్యాయంగా దక్కవలసిన హక్కు. అయితే పట్టా విస్తీర్ణాన్ని, హద్దులను చెబుతుందే తప్ప నేల లోతును, వాలును చెప్పదు. వాలుపై రాగులు, సామలు పండించే రైతుకు పట్టా చేతికి వచ్చేసరికి మట్టి చేజారిపోతే హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

2015లో ప్రారంభమైన భూసార కార్డు పథకంలోనూ ఇదే లోటు. కార్డుపై నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని 12 అంశాలు ఉంటాయి. అవన్నీ పై జానెడు మట్టి రసాయన వివరాలే. ఆ జానెడు కింద మరో మీటరు మట్టి ఉందో, వెంటనే రాయే ఉందో కార్డు చూసి చెప్పడం సాధ్యం కాదు. డాంగ్స్‌ను పూర్తిగా ప్రకృతి వ్యవసాయ జిల్లాగా గుజరాత్ ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఎరువు ఏదైనా, అది నిలిచేందుకు ముందు మట్టి నిలవాలి.

నేల సంరక్షణ పనులకు కూడా వర్గీకరణే దారి చూపాలి. ఎర్రనేలలో పనిచేసే మట్టిగట్టు నల్లని బంకనేలలో వేసవికి నెర్రెలు విచ్చి, తొలివానకే తెగిపోతుంది. అక్కడ నీటిని నిలిపివేసే గట్టు కంటే నెమ్మదిగా పక్కకు మళ్లించే వాలు కాలువ మేలు. జారే స్వభావం గల వాలుపై కందకాలు తవ్వి నీరు నింపడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. లోతు తక్కువైనచోట మెట్ల పొలాలు చెక్కితే అడుగురాయి బయటపడుతుంది. రాతికట్టలు, వట్టివేరు వరుసలు, పండ్లచెట్లు అటువంటిచోట తగినవి. భూమి యోగ్యతను నిర్ణయించే 8 తరగతులలో 5 నుంచి 8 వరకు సాగుకు పనికిరానివిగా పరిగణిస్తారు. నిటారు అటవీ వాలులు అత్యధికం ఈ కోవలోనివే.

దేశమంతటి నేలల పటం 1:2,50,000 స్కేలుపై తయారైంది. ఆ పటంలో ఒక సెంటీమీటరు నేలపై రెండున్నర కిలోమీటర్లు. డాంగ్స్‌లో అంత దూరంలో ఒక శిఖరం, రెండు వాలులు, ఒక లోయ ఇమిడిపోతాయి. అన్నిటికీ కలిపి ఒకే రంగు పూసిన పటం రైతుకు గాని, రోడ్డు వేసే ఇంజనీరుకు గాని ఉపయోగపడదు. సెంటీమీటరుకు 100 మీటర్లు చూపే 1:10,000 స్కేలు సర్వేను నాగపూర్ సంస్థ చేపట్టింది. ఈ సర్వే కొండ జిల్లాలలో మొదట జరగడం, దాని ఫలితాలు గ్రామసభల చేతికి స్థానిక భాషలో అందడం అత్యవసరం. మైదానంలో సర్వే ఆలస్యమైనా నేల అక్కడే ఉంటుంది. కొండవాలుపై మాత్రం ఒక్కొక్క వర్షాకాలం గడిచేకొద్దీ వర్ణించవలసిన మట్టే తగ్గిపోతుంది.